హెడ్‌సెట్‌లో చీకటి ఎంత నల్లగా ఉండాలి?

(వక్త కోరిక మీద హాల్లో దీపాలన్నీ ఆర్పేశారు. ప్రొజెక్టర్ మీద పూర్తి నల్లటి స్లయిడ్ ఉంది.)

అందరికీ నమస్కారం. కాసేపు ఇలా చీకట్లోనే మాట్లాడుకుందాం. ఫోన్లు జేబులో పెట్టుకోండి. ఆ వెనక తలుపు కూడా దగ్గరగా వెయ్యండి.

ఎదురుగా తెర కనబడుతోందా? కనబడుతోంది కదా. నిజానికి ఈ స్లయిడ్‌లో నేనేమీ పెట్టలేదు. అక్షరం లేదు, బొమ్మ లేదు. ఎరుపు సున్నా, ఆకుపచ్చ సున్నా, నీలం సున్నా. కంప్యూటర్ లెక్కలో ఇంతకు మించిన నలుపు లేదు. అయినా తెర నాలుగంచులూ మీకు తెలుస్తున్నాయి. ముందు వరసలో కూర్చున్నవాళ్ల తలలు తెలుస్తున్నాయి. ఇప్పుడు ప్రొజెక్టర్ లెన్సుకి ఈ పుస్తకం అడ్డం పెడుతున్నాను, చూడండి.

(విరామం)

తెర ఏదీ? ఎక్కడుందో చెప్పలేరు. మళ్లీ తీస్తున్నాను. వచ్చేసింది. ఇందాక మనం నలుపు అనుకున్నది బూడిదరంగు. పక్కన అసలు నలుపును పెట్టి చూస్తే తప్ప ఆ సంగతి తెలియలేదు.

ఇక దీపాలు వేసేయండి. థాంక్యూ.

వీఆర్ అంటే వర్చువల్ రియాలిటీ. ముఖానికి హెడ్‌సెట్ పెట్టుకుంటే కళ్ల ముందున్న తెర మీద ఇంకో లోకంలో ఉన్నట్టే ఉంటుంది. ఆ హెడ్‌సెట్లలో వాడే తెరలు ముఖ్యంగా రెండు రకాలు. ఎల్‌సీడీ ఒకటి, ఓఎల్‌ఈడీ ఒకటి. ఎల్‌సీడీలో వెనకాల ఒక దీపం వెలుగుతూ ఉంటుంది. దాని ముందు లక్షల కొద్దీ చిన్న చిన్న కిటికీ రెక్కలు ఉన్నాయనుకోండి. నలుపు కావాలంటే రెక్క మూసుకుంటుంది. కానీ ఎంత గట్టిగా మూసినా సందుల్లోంచి వెలుగు కొంత కారుతుంది. మామూలు ఎల్‌సీడీలో తెలుపుకీ నలుపుకీ ఉండే తేడా సుమారుగా వెయ్యి రెట్లు. ఓఎల్‌ఈడీలో వెనక దీపమే లేదు. ప్రతి చుక్కా తనంతట తాను వెలుగుతుంది. నలుపు కావాలంటే ఆరిపోతుంది, అంతే. ఇందాక పుస్తకం అడ్డం పెట్టినట్టు.

టీవీ విషయంలో ఈ తేడాని చాలామంది పట్టించుకోరు. గదిలో ట్యూబ్‌లైటు వెలుగుతూ ఉంటుంది, కిటికీలోంచి వెలుతురు వస్తూ ఉంటుంది, ఆ కాస్త బూడిదరంగు అందులో కలిసిపోతుంది. హెడ్‌సెట్‌లో అలా కుదరదు. ముఖానికి గట్టిగా అమర్చుకుంటాం, బయటి వెలుగంతా ఆగిపోతుంది. గుహ లాంటి చీకటి సన్నివేశంలో కంటిపాప పెద్దదవుతుంది, కన్ను నెమ్మదిగా చీకటికి అలవాటు పడుతుంది. పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది. ఈ లోపల ఆ బూడిద వెలుగు తగ్గినట్టు అనిపించకపోగా, ఇంకా ఎక్కువగా కనబడటం మొదలుపెడుతుంది. మీరు ఎంత సేపు ఆ గుహలో ఉంటే, గుహ అంత పలచబడుతుంది. ఇది నన్ను చాలా బాధపెట్టిన విషయం. ఎందుకో చెప్తాను.

2017 జులైలో లోన్ ఎకో అనే గేమ్ వచ్చింది. రెడీ ఎట్ డాన్ స్టూడియో చేసింది. ఆకులస్ రిఫ్ట్ అనే హెడ్‌సెట్ కోసమే తయారైంది. శని గ్రహం దగ్గర క్రోనోస్ టూ అనే గనుల స్టేషన్. అక్కడ ఇద్దరే ఉంటారు. కెప్టెన్ ఒలీవియా రోడ్స్, ఆమెకి తోడుగా ఒక రోబో. ఆ రోబో మనమే. నడక ఉండదు. భూమ్యాకర్షణ లేదు కాబట్టి చేతితో ఏదో ఒక కమ్మీ పట్టుకుని, తోసుకుని, తేలుకుంటూ వెళ్లాలి. స్టేషన్ బయటికి వచ్చినప్పుడు కింద శని వలయాలు, పైన నక్షత్రాలు, మిగతాదంతా శూన్యం.

ఆ రోజుల్లో రిఫ్ట్‌లో ఉన్నవి ఓఎల్‌ఈడీ తెరలు. నేను మొదటిసారి ఆ గేమ్‌లో స్టేషన్ బయటికి వచ్చి, కమ్మీ వదిలేసి, తల వెనక్కి తిప్పినప్పుడు కడుపులో ఏదో జారినట్టయింది. కింద ఏమీ లేదు. పడిపోతానని కాదు భయం, పడటానికి అడుగన్నదే లేదని. చేయి దానంతట అదే కమ్మీ కోసం వెతికింది. ఆ కమ్మీ నా గదిలో లేదు, అయినా పిడికిలి బిగిసింది.

తర్వాత కొన్నేళ్లకి ఒక ఎల్‌సీడీ హెడ్‌సెట్ తీసుకున్నాను. పాతదానికంటే చుక్కలు ఎక్కువ, బొమ్మ స్పష్టంగా ఉంటుందని అందరూ చెప్పారు. నిజమే, ఉంది. అదే గేమ్ వేశాను. అదే చోటికి వెళ్లాను. అదే కమ్మీ వదిలాను. ఏమీ కాలేదు. శని గ్రహం బాగుంది, స్టేషన్ మీద రాసిన అక్షరాలు ఇంతకుముందు చదవలేనివి ఇప్పుడు చదవగలిగాను. కానీ శూన్యం లేదు. దాని స్థానంలో నా కళ్లకి నాలుగు వేళ్ల దూరంలో ఒక బూడిదరంగు గోడ ఉంది. ఆ గోడ మీద నక్షత్రాలు అతికించి ఉన్నాయి. గోడ ఉన్నచోట పడిపోతామన్న భయం ఎక్కడి నుంచి వస్తుంది?

మీకిది చిన్న విషయం అనిపించవచ్చు. నాకు కాదు. అడ్వెంచర్ గేమ్‌లో చీకటి అంటే వెలుగు లేకపోవడం మాత్రమే కాదు, అదొక చోటు. మనం ఇంకా వెళ్లని చోటు. తలుపు అవతల ఏముందో తెలియకపోవడంలోనే సగం ఆనందం ఉంది. తెర లీకైతే ఆ తెలియకపోవడం లీకైపోతుంది.

నేను పల్లెటూళ్లో పుట్టి పెరిగాను. వ్యవసాయానికి కరెంటు రాత్రిపూట ఇచ్చే రోజులు. అర్ధరాత్రి దాటాక మోటారు వెయ్యడానికి నాన్నతో పాటు పొలానికి వెళ్లేవాణ్ణి. అమావాస్య రోజుల్లో కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. నాన్న చేతిలో టార్చిలైటు. ఆ వెలుగు పడినంత మేరే లోకం. గట్టు, గడ్డి, నాన్న చెప్పులు. ఆ గుండ్రటి వెలుగు అవతల కప్పల అరుపులు, నీళ్ల చప్పుడు. పుల్ల కదిలినా పామే అనిపించేది. నాన్న ఒక్కోసారి బ్యాటరీ మిగుల్చుకోవడానికి టార్చి ఆర్పేవాడు. అప్పుడు చెవులే కళ్లు. ఎవరైనా మంచి వీఆర్ గేమ్ అన్నప్పుడు నేను ఆ గట్టుతోనే పోల్చి చూస్తాను. అక్కడ ఉన్నట్టుగా ఉందా, లేదా?

ఇంతసేపూ ఓఎల్‌ఈడీని పొగిడాను కాబట్టి రెండో వైపు కూడా నిజాయితీగా చెప్పాలి. ఎల్‌సీడీ ఊరికే రాలేదు.

మొదటి రిఫ్ట్‌లో ఒక్కో కంటికి 1080 ఇంటు 1200 చుక్కలు. అంటే 12,96,000. కానీ ఆ తెర పెన్‌టైల్ అమరికలో ఉంటుంది. మామూలుగా ఒక్కో చుక్కలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు ఉపచుక్కలుండాలి. పెన్‌టైల్‌లో సగటున రెండే ఉంటాయి. ఎరుపునీ నీలాన్నీ పక్క చుక్కలు పంచుకుంటాయి. అంటే కంటికి 25,92,000 ఉపచుక్కలు. ఇప్పుడు 2019లో వచ్చిన రిఫ్ట్ ఎస్ చూడండి. అది ఎల్‌సీడీ. 1280 ఇంటు 1440, మూడేసి ఉపచుక్కలు, మొత్తం 55,29,600. రెట్టింపు కంటే ఎక్కువ! ముగ్గు వేసేటప్పుడు చుక్కలు దగ్గరదగ్గరగా పెడితే వంపు నున్నగా వస్తుంది, దూరం దూరంగా పెడితే మధ్యలో నేల కనబడుతుంది. పాత ఓఎల్‌ఈడీల్లో ఆ నేల బాగా కనబడేది. కిటికీకి బిగించిన దోమల మెష్‌లోంచి చూస్తున్నట్టు ఉండేది. అదే స్క్రీన్ డోర్ ఎఫెక్ట్ అంటే.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలి. 2016లో వచ్చిన ప్లేస్టేషన్ వీఆర్ కూడా ఓఎల్‌ఈడీయే. కంటికి 960 ఇంటు 1080, అంటే 10,36,800 చుక్కలే. రిఫ్ట్ కంటే తక్కువ. కానీ దాంట్లో ఒక్కో చుక్కకి నిండుగా మూడు ఉపచుక్కలు పెట్టారు. లెక్క వేస్తే 31,10,400. పెట్టె మీద అంకె చిన్నది, లోపల ఉపచుక్కలు ఎక్కువ. మెష్ తక్కువగా కనబడేది. అందుకే రెజల్యూషన్ అంకె చూసి మురిసిపోవద్దు, చిన్నబుచ్చుకోవద్దు.

అక్షరం చదవగలగడం అడ్వెంచర్ గేమ్‌లో చిన్న సంగతి కాదు. పాత ఉత్తరాలు, తాళం మీద అంకెలు, గోడ మీద గుర్తులు, కథంతా అక్కడే ఉంటుంది. మా చెల్లెలు ఒకసారి పాత ఓఎల్‌ఈడీ హెడ్‌సెట్ పెట్టుకుని ఒక పజిల్ గేమ్ ఆడుతోంది. అంకెలు తిప్పే తాళం అది. పక్కనున్న చీటీలో మూడో అంకె ఆరో ఎనిమిదో తేలడం లేదు. చీటీని ముక్కు దాకా తెచ్చుకుంటోంది, దూరం పెడుతోంది, తల వంచుతోంది. "అన్నయ్యా, ఇది పజిలా, కళ్ల పరీక్షా?" అంది. పావుగంట పోయింది. అదే గేమ్, అదే చీటీ ఎల్‌సీడీ హెడ్‌సెట్‌లో పెట్టి ఇస్తే ఒక్క చూపుకి "ఎనిమిది" అంది. తాళం తెరుచుకుంది. తర్వాత సొరంగంలోకి దిగింది. పాతదాంట్లో అదే సొరంగం మొదట్లోనే ఆగిపోయి నా చెయ్యి పట్టుకున్న పిల్ల, ఇందులో తాపీగా నడిచి వెళ్లిపోయింది. "ఇక్కడ భయంగా లేదేంటి?" అని తనే అడిగింది. "ఎనిమిది" అన్న మాటా, ఈ మాటా ఆమె పదినిమిషాల తేడాలో అన్నవే. ఇవాళ నేను గంటసేపు చెప్పబోయేది ఆమె అప్పుడే చెప్పేసింది.

ఇంకో సంగతి కూడా ఆ రోజే తెలిసింది. పాత రిఫ్ట్‌లో, వైవ్ అనే మరో హెడ్‌సెట్‌లో కంటికొక తెర, రెండూ విడివిడిగా ఉండేవి. రెండు కళ్ల మధ్య దూరానికి తగ్గట్టు లెన్సుల్ని జరుపుకోవచ్చు. ఎల్‌సీడీ వచ్చాక ఖర్చు తగ్గించడానికి కొన్ని హెడ్‌సెట్లలో రెండు కళ్లకీ కలిపి ఒకే తెర పెట్టారు. తెర ఒకటే అయితే జరపడానికి పెద్దగా చోటుండదు. 2020 నాటి క్వెస్ట్ 2లో కూడా 58, 63, 68 మిల్లీమీటర్లని మూడే స్థానాలు. మా చెల్లెలి కళ్ల మధ్య దూరం తక్కువ. జరపడానికి వీల్లేని ఒక హెడ్‌సెట్‌తో అరగంటకి తలనొప్పి వచ్చేసింది. ఆడవాళ్లలో, పిల్లల్లో ఆ దూరం సగటున మగవాళ్ల కంటే తక్కువ. ఒకరికి హాయిగా ఉన్న హెడ్‌సెట్ ఇంకొకరికి హింస ఎందుకవుతుందో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు. కొనే ముందు ఇంట్లో ఎవరెవరు వాడతారో వాళ్లందరి ముఖానికీ పెట్టి చూడండి.

ఓఎల్‌ఈడీకి నలుపులోనే ఒక రోగం ఉంది. పూర్తిగా ఆరిపోయిన చుక్క మళ్లీ వెలగడానికి కాస్త ఎక్కువ సమయం తీసుకుంటుంది. చీకటి గదిలో తల గబుక్కున తిప్పితే నల్లటి వస్తువుల అంచుల వెంట తోక లాగినట్టు మరక సాగుతుంది. బ్లాక్ స్మియర్ అంటారు. దాన్ని తప్పించడానికి చాలాచోట్ల చుక్కని పూర్తిగా ఆర్పకుండా కొంచెం మిణుకుమనేలా ఉంచుతారు. అలా ఉంచితే చుక్కకీ చుక్కకీ ఉన్న చిన్న చిన్న తేడాలు బయటపడతాయి, చీకటి మీద సన్నటి మురికి పొర పరిచినట్టు ఉంటుంది. దీనికి మురా అని పేరు, జపనీస్ మాట, అసమానంగా ఉండటం అని అర్థం. కాబట్టి ఓఎల్‌ఈడీ అనగానే అచ్చమైన నలుపు వచ్చేసినట్టు కాదు.

కదలిక సంగతి ఒక్క లెక్కతో చెప్పి వదిలేస్తాను. 90 హెర్ట్జ్ తెర, అంటే సెకనుకి 90 బొమ్మలు మార్చే తెర మీద ఒక్కో బొమ్మ ఉండే సమయం 11 మిల్లీసెకన్లు. మీరు సెకనుకి వంద డిగ్రీల వేగంతో తల తిప్పారనుకోండి, అది పెద్ద వేగమేమీ కాదు. ఆ 11 మిల్లీసెకన్లూ బొమ్మ వెలుగుతూనే ఉంటే, డిగ్రీకి పైగా అలుక్కుపోతుంది. రెండు మిల్లీసెకన్లు మాత్రమే వెలిగి ఆరిపోతే అలుకు అయిదోవంతుకి తగ్గుతుంది. ఎల్‌సీడీ వాళ్లు వెనక దీపాన్ని మెరుపులా వెలిగించి ఆర్పడం బాగా పట్టుకున్నారు. 2019లో వచ్చిన వాల్వ్ ఇండెక్స్ హెడ్‌సెట్‌లో ఆ వెలిగే సమయం ఒక మిల్లీసెకనులో మూడోవంతు దాకా దిగింది. తల తిప్పినా బొమ్మ నిలకడగా ఉంటుంది. కడుపులో తిప్పడం తగ్గుతుంది. వాంతి వచ్చేలా ఉన్నవాడికి నలుపు ఎంత నల్లగా ఉంటే ఏం లాభం, చెప్పండి.

(శ్రోతల నవ్వు)

నవ్వకండి, నేను చూశాను. ఆట మీద ఇష్టం ఉండి కూడా కడుపులో తిప్పడం వల్ల వీఆర్ మానేసినవాళ్లు నాకు తెలుసు. వాళ్లకి తెర నిలకడే మొదటి అవసరం.

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన విషయానికి వస్తాను. ముఖ్యంగా గేమ్స్ తయారు చెయ్యాలనుకునే పిల్లలు వినండి.

హాఫ్-లైఫ్ అలిక్స్ అనే గేమ్ 2020 మార్చిలో వచ్చింది. వాల్వ్ సంస్థదే. వాళ్ల సొంత హెడ్‌సెట్ ఇండెక్స్ ఎల్‌సీడీ. అంటే తమ తెర నలుపు చూపించలేదని వాళ్లకి తెలుసు. అయినా అందులో చీకటి సొరంగాలున్నాయి, అవి భయపెడతాయి. ఎలా? ఆటగాడి ఎడమ చేతికి టార్చి ఇచ్చారు. తుపాకీ కుడి చేతిలో. గుళ్లు అయిపోతే కొత్త మ్యాగజైన్ ఎడమ చేత్తోనే ఎక్కించాలి. అంటే సరిగ్గా శత్రువు మీదికి వస్తున్నప్పుడే టార్చి వెలుగు పక్కకి పోతుంది! చీకట్లో చప్పుడు దగ్గరవుతూ ఉంటుంది, మీ వెలుగు మీ భుజం వెనక్కి పోయి ఉంటుంది. నాకు పొలం గట్టు మీద నాన్న టార్చి ఆర్పిన క్షణం గుర్తొచ్చింది.

ఇందులో కంటి గురించి తెలిసినవాళ్ల నేర్పు ఉంది. కన్ను వెలుగుని కొలవదు, పోల్చి చూస్తుంది. ఎదుట ఒక ప్రకాశవంతమైన వస్తువు ఉంటే, దాని చుట్టూ ఉన్న బూడిదరంగు నలుపుగా అనిపిస్తుంది. మన పాత గుళ్లలో గర్భాలయం గుర్తు తెచ్చుకోండి. కిటికీ ఉండదు. ఒక్క నూనె దీపం. ఆ దీపం వల్లనే చుట్టూ ఉన్న రాయి అంత నల్లగా, అంత లోతుగా అనిపిస్తుంది. పూజారిగారు హారతి ఎత్తినప్పుడు స్వామి ముఖం ఒక్కసారి బయటపడి మళ్లీ లోపలికి వెళ్లిపోతుంది. ఎల్‌సీడీ కోసం గేమ్ తయారుచేసేవాడు ఈ పని చెయ్యాలి. చీకటి గదిని ఖాళీగా వదలొద్దు. ఒక దీపం పెట్టు, ఒక మిణుకుమనే బల్బు పెట్టు, ఆటగాడి చేతికి వెలుగివ్వు. లోన్ ఎకోలో నక్షత్రాల శూన్యం ఎల్‌సీడీ మీద ఎందుకు ఓడిపోయిందంటే అది నలుపునే నమ్ముకుని కట్టిన సన్నివేశం. తప్పు కట్టినవాళ్లది కాదు, వాళ్ల చేతిలో ఆనాడు ఉన్న తెర అది.

మధ్యేమార్గం కోసం ప్రయత్నాలు జరిగాయి. 2022లో వచ్చిన క్వెస్ట్ ప్రోలో ఎల్‌సీడీ వెనక ఒకే దీపం బదులు విడివిడిగా తగ్గించగల 500కి పైగా దీపాల గడులు పెట్టారు. చీకటి ఉన్నచోట గడి ఆరిపోతుంది. సొరంగాలకి ఇది బాగుంటుంది. కానీ నక్షత్రం సంగతి చూడండి. సూదిమొనంత నక్షత్రం కోసం గడి మొత్తం వెలగాలి. దాని చుట్టూ మంచు పట్టినట్టు వెలుగు కమ్ముతుంది.

ఓఎల్‌ఈడీ కూడా మళ్లీ వచ్చింది. 2023 ఫిబ్రవరిలో ప్లేస్టేషన్ వీఆర్ 2, కంటికి 2000 ఇంటు 2040. దాంతోపాటే హొరైజన్ కాల్ ఆఫ్ ది మౌంటెన్ అనే అడ్వెంచర్ గేమ్ వచ్చింది, కొండలెక్కడమే అందులో ముఖ్యమైన పని. ఆ తర్వాత మైక్రో ఓఎల్‌ఈడీలు. తపాలా బిళ్లంత తెరలో కోటికి పైగా చుక్కలు. 2024లో అమ్మకానికి వచ్చిన యాపిల్ విజన్ ప్రోలో రెండు కళ్లకీ కలిపి 2 కోట్ల 30 లక్షల చుక్కలు. అక్షరమూ దొరికింది, నలుపూ దొరికింది. అయితే ఇలాంటివాటి ముందు పాన్‌కేక్ లెన్సులు పెడతారు. వెలుగుని లోపలే అటూ ఇటూ మడతపెట్టి పంపే లెన్సులవి. హెడ్‌సెట్ పల్చగా అవుతుంది, అంచుల దాకా స్పష్టంగా ఉంటుంది. కానీ ఆ మడతల్లో వెలుగులో ఎక్కువ భాగం పోతుంది, నాలుగోవంతు కూడా కంటికి చేరదు. చేరే వెలుగు చాలకపోతే తెరని ఎక్కువసేపు వెలిగించాలి. ఎక్కువసేపు వెలిగితే తల తిప్పినప్పుడు అలుకు. ఇందాకటి లెక్క గుర్తుందిగా. ధర సంగతి సరేసరి. 2023 అక్టోబరులో వచ్చిన క్వెస్ట్ 3 ఎల్‌సీడీతోనే ఉండటానికి ఇవన్నీ కారణాలే అనుకుంటాను. ఎక్కువమంది ఇళ్లలో ఇంకొంత కాలం ఉండేది ఎల్‌సీడీయే.

సమయం అవుతోందని చెయ్యి ఊపుతున్నారు. ప్రశ్నలుంటే ఒకటి రెండు తీసుకుంటాను. అమ్మా, మీరు చెప్పండి.

(శ్రోత: సర్, ఇవాళ నేను కొనాలంటే ఏది కొనమంటారు?)

నేను మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతానమ్మా. మీకు ఎలాంటి ఆటలిష్టం? ... పజిల్స్, ఎక్కువ చదవాల్సినవి. కడుపులో తిప్పుతుందా? ... కొంచెం. అయితే మంచి ఎల్‌సీడీ తీసుకోండి, ఏ మొహమాటమూ వద్దు. కళ్ల మధ్య దూరం సరిచేసుకునే వీలుందో లేదో మాత్రం తప్పకుండా చూడండి. అంతరిక్షం, గుహలు, దెయ్యాల కొంపలు ఇష్టమని చెప్పి ఉంటే కొన్నాళ్లు డబ్బు దాచుకుని ఓఎల్‌ఈడీ తీసుకోమనేవాణ్ణి. ఎల్‌సీడీలో హారర్ ఆడాల్సి వస్తే, బ్రైట్‌నెస్ కొంచెం తగ్గించుకోండి. తెలుపుకీ నలుపుకీ ఉన్న నిష్పత్తి మారదు గానీ గోడ కొంచెం వెనక్కి జరుగుతుంది.

ఇంకొకటి. బాబూ, నువ్వు.

(శ్రోత: సర్, మేం నలుగురం కలిసి కాలేజీ ప్రాజెక్టుగా వీఆర్ గేమ్ చేస్తున్నాం. కంప్యూటర్ మానిటర్ మీదే చూసుకుంటున్నాం. సరిపోతుందా?)

సరిపోదు బాబూ. మానిటర్ మీద, ట్యూబ్‌లైటు కింద కూర్చుని చూసిన చీకటి వేరు, ముఖానికి పెట్టుకున్న చీకటి వేరు. మీ గేమ్‌లో చీకటిగా ఉండే చోటు ఏదైనా ఉందా? ... మెట్ల బావి. చాలా బాగుంది. ఆ మెట్ల బావిలోకి దిగే భాగాన్ని ఇవాళ పెన్‌డ్రైవ్‌లో తెచ్చావా? తెచ్చానంటున్నావు కాబట్టి రా. ఆ పక్క బల్ల మీద రెండు హెడ్‌సెట్లు పెట్టాను, ఒకటి ఎల్‌సీడీ, ఒకటి ఓఎల్‌ఈడీ. ముందు ఎల్‌సీడీ పెట్టుకుని అయిదు నిమిషాలు బావి అడుగున నిలబడు, ఊరికే పైకి చూస్తూ. తర్వాత రెండోది పెట్టుకో. కింద మెట్టు మీద ఒక ప్రమిద ఉంచితే ఎలా ఉంటుందో కూడా చూద్దాం. మిగతావాళ్లు వరసలో రండి. వైర్లు ఉన్నాయి, చూసుకుని నడవండి. దీపాలు మళ్లీ ఆర్పమంటున్నాను.